కూత ఆగిన తర్వాత

గోడ కట్టిన ఇరవై రెండో ఏడు, శ్రావణ బహుళ పంచమి

ఈ యేడు కూడా మేమే గెలిచాం.

నగరసభవాళ్లు పొద్దున్నే మాదిరి తుఫాను పెట్టారు, అంటే తుఫాను వచ్చిందనుకుని పేటలు ఖాళీ చేసే పోటీ. పదకొండు పేటల్లోనూ ఒకేసారి హెచ్చరిక కూత మొదలైంది. మా కొయ్యలపేట కూత అందరికంటే ముందు ఆగింది. మా ఇంట్లో పొయ్యి మీదున్న ఎసరు అప్పటికింకా మరగలేదు. వరసగా ఇది నాలుగో ఏడు.

పేటలో అందరూ వరదకని కట్టిన మేడ ఎక్కితే గానీ కూత ఆగదు. ఎక్కారో లేదో దానికి చెప్పేది మా చేతి కడియాలు. పుట్టిన ప్రతి మనిషికీ నగరసభ ఒక కడియం ఇస్తుంది. కడియం మేడ గుమ్మం దాటితే మనిషి చేరినట్టు. మరి ముసలివాళ్లు, బాలింతలు, కాళ్లు రానివాళ్లు అంత తొందరగా ఎలా ఎక్కుతారు? ఎక్కరు. మా పేట కుర్రాడు సత్తిరాజు గంప పట్టుకుని వీధుల్లో పరిగెడతాడు. వాళ్లు గుమ్మంలోంచి కడియాలు తీసి గంపలో పడేస్తారు. గంప నిండితే వాడు మిగతావి చేతులకి తొడుక్కుంటాడు. ఇవాళ మోచేతులు దాటి భుజాల దాకా వచ్చాయి. గాజుల షాపు మేడ ఎక్కుతున్నట్టుంది.

మా ఆవిడ మంగతాయారు కడియం కూడా గంపలోనే వెళ్తుంది. ఊరి చుట్టూ వరద గోడ కట్టే రోజుల్లో రాయి జారి ఆవిడ మోకాలి మీద పడింది. తిరిగొచ్చిన కడియం తొడుక్కుంటూ, "నాకంటే ఇదే బాగా నడుస్తోందండీ. దీన్ని బజారుకి కూడా పంపిస్తే పోతుంది" అంది.

గెలిచిన పేటకి ఏడాదంతా మంచినీళ్ల పడవ ముందుగా వస్తుంది. అందుకే గంప పట్టడాన్ని ఎవరూ తప్పనుకోరు. పేట పెద్ద తాతారావు గెలుపు కప్పు నెత్తిన పెట్టుకుని వీధులన్నీ తిరిగాడు. రెండోది దిబ్బలపేట. అది మా ఆవిడ పుట్టిల్లు. అక్కడ పేట పెద్ద మా వదినే, వెంకాయమ్మ. మంగతాయారు గట్టు మీద నిలబడి కాలవ అవతలికి అరిచింది, "అక్కా! ఈ యేడూ రెండో పడవేనే! గొంతు తడుపుకోవాలంటే మా ఇంటికి రా!"

మధ్యాహ్నం నేను చూసుకునే పేట పంపు జాలీలో చిక్కిన జమ్ము పీకాను. సాయంత్రం ఉప్పునీళ్లని తాగేలా చేసే ఉప్పు మరలు కడిగాను.


శ్రావణ బహుళ ద్వాదశి

ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. అయినా రాస్తాను.

హైమవతి అని, నగరసభలో వరద పథకం చూసే ఆఫీసరు. పెద్ద బల్ల మీద ఊరి బొమ్మ పెట్టించుకుని మా పేట హాలుకొచ్చింది. గోడ, కాలవలు, లాకులు, పదకొండు మేడలు, అన్నీ అగ్గిపెట్టెలంత ఉన్నాయి. ప్రతివాడూ బొమ్మలో తన ఇల్లు వెతుక్కుని వేలితో పొడిచి చూశాడు.

"ఇవన్నీ మీకు తెలిసినవే" అంది ఆవిడ. "పెద్ద తుఫాను వస్తే గోడ మోయగలిగినంతే మోస్తుంది. ఆ పైన ఒక్కో లాకూ తెరిచి, ఒక్కో పేటలోకి నీళ్లు వదలాలి. లేకపోతే గోడ తెగి అన్ని పేటలూ ఒకేసారి పోతాయి. ఏ లాకు ముందు, ఏది తర్వాత అని మేం గదిలో కూర్చుని గీయలేదు. నాలుగేళ్లుగా మీరు చేసి చూపించిందే తీసుకున్నాం. తొందరగా ఖాళీ అయ్యే పేట లాకు ముందు తెరుస్తాం. మొదటిది కొయ్యలపేట."

హాలంతా చప్పట్లు కొట్టింది.

నాలుగేళ్ల అలవాటు. ముందు మన పేట పేరు వినబడితే చేతులు వాటంతటవే లేస్తున్నాయి. తాతారావు అయితే లేచి ఆవిడ మెడలో దండ వేశాడు.

చప్పట్లు తగ్గాక మంగతాయారు కుర్చీలోంచే అడిగింది. "అమ్మాయ్, నాకర్థం కాలేదు. అంటే నీళ్లు ముందు మా ఇళ్లలోకా?"

"అవునండీ. కానీ అప్పటికి మీరెవరూ ఇళ్లలో ఉండరు కదా."

"ఎంతసేపటికి వదుల్తారు?"

"ఈ యేడు మీ కూత ఎంతసేపు మోగిందో దానికి రెట్టింపు గడువిచ్చాం. అది దాటగానే లాకు దానంతటదే తెరుచుకుంటుంది. మనిషి తెరవాలంటే ఎవరికీ చెయ్యి రాదు. అందుకని అలా పెట్టాం."

ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. సత్తిరాజు తల దించుకుని తన చేతులు చూసుకుంటున్నాడు. ఆవిడ మమ్మల్ని చూసి, ఇంకేమైనా సందేహాలున్నాయా అని అడిగింది. లేవన్నారు. వందమంది ఉన్నారు ఆ హాల్లో. గంప సంగతి ఒక్కడూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.


శ్రావణ బహుళ త్రయోదశి

పొద్దున్నే పొయ్యి మీద ఎసరు పెట్టి మంగతాయారుని మేడకి నడిపించాను. ఆవిడే అంది, "చూద్దాం పదండి, ఎంతసేపు పడుతుందో."

వీధి చివరిదాకా బాగానే వచ్చింది. వంతెన ఎక్కేటప్పుడు ఒకసారి కూచుంది. మేడ ఎక్కే వాలుదారి దగ్గర మూడుసార్లు కూచుంది. ఆ వాలు మీద ఇద్దరు మనుషులు పక్కపక్కన నడవలేరు. మా వెనక పాలవాడు వచ్చి, దారి లేక అక్కడే నిలబడ్డాడు. "అమ్మా, మీరు పైకెళ్లేసరికి నా పాలు పెరుగవుతాయి" అన్నాడు. ఆవిడ నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

తిరిగొచ్చేసరికి గిన్నెలో నీళ్లన్నీ ఇగిరిపోయి అడుగు నల్లగా కాలి ఉంది.

తాతారావు ఇంటికెళ్లాను. కప్పులు నాలుగూ తుడుస్తున్నాడు.

"మాదిరి తుఫాను మళ్లీ పెట్టించాలి. గంప లేకుండా" అన్నాను.

"ఒరే బుల్లెబ్బాయ్, నువ్వు నెలకో మాట మాట్లాడతావు. ఈ నెల మాట ఇదేనా?"

"గడువు చాలదు. నడిచి చూశాం."

"నీ పెళ్లాం నడిచింది. అసలు తుఫాను వస్తే మోసుకెళ్తాం లేరా. అంతమంది కుర్రాళ్లున్నారు."

"ఎవరు ఎవర్ని మోస్తారో చెప్పు. పేర్లు చెప్పు."

వాడు కప్పు పక్కన పెట్టాడు. "చూడు. కూత ఆలస్యమైతే పడవ పోద్ది. ఉప్పు మర నీళ్లు తాగుతారా మీ వీధోళ్లు? నీ ఒక్కడి ఇంటి కోసం పేట పరువు గంగలో కలుపుతావా?"

"గంగలో కలిసేది పరువు కాదు" అని వచ్చేశాను.

కోపంతో పంపు పిడి విరగ్గొట్టాను. అది బాగు చెయ్యడానికి సాయంత్రం దాకా పట్టింది.


భాద్రపద శుద్ధ విదియ

నగరసభకి వెళ్లాను. హైమవతి గారి గదిలో గోడ మీద మా పేట పటం ఉంది. ఆవిడ కూర్చోమంది. నేను నిలబడే చెప్పాను, నాలుగేళ్లుగా గంప పడుతున్నామని.

ఆవిడ అంతా విన్నది. తర్వాత మాట్లాడింది. నేను అనుకున్నట్టు మెత్తగా కాదు.

"బుల్లెబ్బాయి గారూ, మీ మేడ వాలు ఎందుకంత ఇరుకో తెలుసా? వెడల్పు చెయ్యడానికి రాయి, సిమెంటు వచ్చాయి. కొయ్యలపేటవాళ్లు ఎలాగూ తొందరగా ఎక్కేస్తారని వేరే పేటకి పంపించాం. మీ వీధిలో పట్టుకు నడిచే చేతికమ్మీలు ఎందుకు లేవు? అదే కారణం. మిమ్మల్ని అడిగే చేశాం. మాదిరి తుఫాను పెట్టి ప్రతి ఏడూ అడిగాం. మీరేమో గంప పంపించారు."

"పోటీ పెట్టమని మేం అడిగామా? పోటీ పెట్టి, నీళ్లు ఎరవేసి, ఇప్పుడు అబద్ధమాడారంటారేం?"

"పోటీ పెట్టకపోతే ఎవరూ రాలేదండీ! మొదటి ఏడు మీ పేట నుంచి మేడ ఎక్కింది తొమ్మిదిమంది. అందులో ఇద్దరు పల్లీలు అమ్ముకునేవాళ్లు."

ఇద్దరికీ కోపం వచ్చింది. ఇద్దరం నిజమే మాట్లాడాం. అందుకే ఇంకా కోపం వచ్చింది.

చివరికి ఆవిడ నియమం చెప్పింది. ఇళ్లలో సగం పైన చెయ్యెత్తితే పేట తనంతట తాను మాదిరి తుఫాను పెట్టించుకోవచ్చు. దాని లెక్కే చెల్లుతుంది.


భాద్రపద శుద్ధ దశమి

ఇవాళ పేట సభ. ఇంటికి ఒకరు వచ్చారు.

తాతారావు పడవ గురించి చెప్పాడు. పసిపిల్లల తల్లులు ఏం తాగుతారని అడిగాడు. అది తీసెయ్యాల్సిన మాట కాదు. చాలామంది తలలూపారు. నన్ను మాట్లాడమన్నారు. లేచాను. "నడిచి చూడండి" అన్నాను. ఇంకేం రాలేదు. కూర్చున్నాను. ఎవరో వెనకనుంచి, "ఉపన్యాసం బాగుంది, కొంచెం ఎక్కువైంది" అన్నారు. నవ్వారు.

అప్పుడు సత్తిరాజు లేచాడు. వాడు సభలో మాట్లాడటం నేనెప్పుడూ చూడలేదు. వాడికి గెలిచినప్పుడల్లా చొక్కాగుడ్డ ఇస్తారు. ఇవాళ అదే వేసుకొచ్చాడు.

"మీ అందరి కడియాలూ మోశానండి నేను. ఒక్క గంపలో నలభై ఇళ్లు. చేతికి బరువే తెలీదండి. మొన్న తాతారావు గారు నన్ను పిలిచి, అసలు తుఫానులో ముసలోళ్లని నువ్వే మొయ్యాలిరా అన్నారు. సరే అని నిన్న మా అప్పలస్వామి తాతని ఎత్తుకుని వాలు ఎక్కానండి. ఒక్కణ్ణే. దింపేసరికి నా కాళ్లు వణికాయండి. ఇంకోళ్ల కోసం వెనక్కెళ్లలేకపోయాను. మిగతా ముప్పైతొమ్మిది ఇళ్లకీ ఇప్పుడే చెప్తున్నానండి, నేను రాలేను. నన్ను నమ్ముకోకండి."

హాల్లో ఒక ముసలావిడ చెయ్యెత్తింది. పక్కావిడ ఎత్తింది. లెక్కపెట్టారు. సగం కంటే నాలుగిళ్లు ఎక్కువ.


భాద్రపద బహుళ పాడ్యమి

గంప లేని మాదిరి తుఫాను.

కూత మొదలైంది. ఎవరి కడియం వాళ్ల చేతికే ఉంది. పేట మొత్తం వీధిలోకొచ్చింది. మేం ఇంతమందిమని నాకు తెలియదు. మంచాన పడ్డవాళ్లని మంచంతో సహా తెచ్చారు. మంచాలు వంతెన మలుపులో తిరగలేదు. దించి, అడ్డంగా తిప్పి, మళ్లీ ఎత్తారు. నిన్న పురుడొచ్చిన పిల్లని కుర్చీలో మోశారు. మంగతాయారు నా భుజం పట్టుకుని నడిచింది. వాలు మీద ఆవిడ కూచున్నప్పుడల్లా వెనక వంద మంది ఆగారు.

కూత మోగుతూనే ఉంది.

అది ఊరంతా వినిపిస్తుంది. అవతలి గట్టు మీదకి దిబ్బలపేటవాళ్లు చేరారు. "ఏవండీ కొయ్యలపేటోళ్లూ! మేడ ఎక్కుతున్నారా, కాశీ వెళ్తున్నారా?" అని ఒకడు అరిచాడు. ఇంకొకడు డప్పు తెచ్చి మా నడకకి తగ్గట్టు మెల్లగా వాయించాడు. మావాళ్లు కొందరు సిగ్గుతో తల దించుకున్నారు. నాకు సిగ్గు రాలేదు. ఒళ్లు మండింది. మోగనీ అనుకున్నాను. బజారులో బేరాలు ఆగనీ. నగరసభలో మాట వినపడకుండా పోనీ. నాలుగేళ్లు అబద్ధం విన్న చెవులు ఇవాళ దీన్ని విననీ.

తాతారావు వాళ్ల నాన్నని వీపు మీద ఎక్కించుకుని మా పక్కనుంచే వెళ్లాడు. ముసలాయన వాడి చెవిలో, "మెల్లగారా, కప్పులేం పారిపోవు" అన్నాడు. వాడి మెడ నరాలు ఉబ్బి ఉన్నాయి.

కూత ఆగేసరికి ఎసరు కాదు, అన్నం వండి, తిని, గిన్నెలు కడిగేసేంత సేపైంది.


భాద్రపద బహుళ నవమి

నగరసభ నుంచి లాకుల కొత్త వరస వచ్చింది. మా లాకు చివరికి పోయింది. వాలు వెడల్పు చేస్తారట. పడవ కూడా చివరికి పోయింది.

మొదటి లాకు ఇప్పుడు దిబ్బలపేటది.

"పోనీలే" అన్నాడు తాతారావు. "మన నెత్తి మీదనుంచి దిగింది."

దిగి ఎక్కడికి పోయింది? దిబ్బలపేటలోనూ గంప పడతారు. సత్తిరాజు వాళ్ల బావమరిదే అక్కడ గంప మోస్తాడు. ఆ పేటలో మా అత్త సీతారత్నం గారు ఉన్నారు. తల దువ్వుకుని, ముడి పెట్టుకుని, రెండు సార్లు అద్దం చూసుకోకుండా గుమ్మం దాటని మనిషి. ఆవిడ వీధి మొదట్లో ఉన్న కొళాయి దగ్గరికెళ్లి రావడానికి పూట పడుతుంది.

మంగతాయారు కాగితం చదివి, మడిచి నా చేతిలో పెట్టింది. "మా అమ్మ మీదకి తోశాం" అంది.


భాద్రపద బహుళ ద్వాదశి

దిబ్బలపేట వెళ్లాం. వీధికి తోరణాలు కట్టుకున్నారు. మంచినీళ్ల పడవకి పసుపు రాస్తున్నారు. అత్త మమ్మల్ని చూసి, "అల్లుడూ, ఓడిపోయి వచ్చావా? కూర్చో, మొదటి పడవ నీళ్లు తాగు. తీపి తెలుస్తుంది" అంది.

వదినకి చెప్పాను. గంప మానెయ్యమన్నాను. మాలాగే సభ పెట్టమన్నాను.

ఆవిడ నడుం మీద చెయ్యి పెట్టుకుని విన్నది. "అయ్యిందా మరిది గారూ? నాలుగేళ్లు మమ్మల్ని రెండో చోట కూర్చోబెట్టారు. మీకు భయమేసి తప్పుకున్నారు. మాకు పడవ వచ్చిన మూడోరోజుకి మీరొచ్చి, మెల్లగా నడవండి, ఓడిపోండి అంటున్నారు. మా పేటలో నాకు ముఖం ఉంటదా?"

"పడవ కోసం కాదు వదినా."

"మరెందుకు? ఈ నాలుగేళ్లూ మీ ఆవిడ గట్టు మీద నుంచి నన్నెన్ని మాటలంది! అప్పుడు రాలేదేం?"

మంగతాయారు ఏడుస్తూ, అమ్మని మాతో పంపించమంది. అత్త వినలేదు. "కూతురింట్లో కూర్చుని తినే ఖర్మ నాకేంటి? మీ అక్క పేటకి పెద్ద. నన్నొదిలేసి పోద్దా?"

అక్కడినుంచే హైమవతి గారి దగ్గరికి వెళ్లి, దిబ్బలపేట కూత కూడా అబద్ధమేనని చెప్పాను. ఆవిడ ముఖం పాలిపోయింది. అయినా తల అడ్డంగా ఊపింది. "ఒక పేట మీద ఇంకో పేట చెప్పేది మేం తీసుకోకూడదు. పోటీ మొదలైన కొత్తలో అందరూ అందరి మీదా చాడీలే. అందుకే ఆ నియమం. వాళ్లే అడగాలి. నేను వెళ్లి మాట్లాడతాను."

వెళ్లిందట. ఆవిడకీ పడవ నీళ్లే ఇచ్చారట.

ఎన్ని నియమాలు పెట్టుకున్నాం! మనిషి ప్రాణం గురించి పక్కింటివాడు చెబితే చెల్లదట.


ఆశ్వయుజ బహుళ చతుర్థి

నిన్న రాయలేదు. ఇవాళ రాస్తున్నాను. గొంతు పోయింది. చెయ్యి పనిచేస్తోంది.

నిన్న మధ్యాహ్నానికే చీకటి పడింది. గాలికి పంపు షెడ్డు రేకు లేచిపోయింది. పదకొండు కూతలూ మొదలయ్యాయి. మాది చివరి లాకు. మాకు టైముంది. మేం నడకకి అలవాటు పడ్డాం. ఎవరి మంచం ఎవరు పట్టాలో తెలుసు. మంగతాయారు వాలు ఎక్కుతూ నన్ను తోసేసింది. "నన్ను వీళ్లు తీసుకెళ్తారు. మీరు అమ్మ దగ్గరికెళ్లండి."

నేను, సత్తిరాజు, ఇంకో ఆరుగురు కాలవ వంతెన మీద పరిగెత్తాం. సగం దూరం వెళ్లేసరికి దిబ్బలపేట కూత ఆగిపోయింది.

సత్తిరాజు ఆగి నా ముఖం చూశాడు. వాడికి నాకంటే ముందు అర్థమైంది.

"గంప పట్టేశారండి" అన్నాడు.

అసలు తుఫానులో కూడా. గంప వీధిలోకి రాగానే, చేతులకి అలవాటై, కడియాలు తీసి పడేశారు. ముందు కడియం వెళ్తుంది, వెనక మనం వెళ్దాం అనుకున్నారు. మూటలు కట్టుకుంటున్నారు, గొడ్లని విప్పుతున్నారు. ఇంతలో కూత ఆగింది. కూత ఆగిందంటే అందరూ చేరినట్టు, పని అయిపోయినట్టు. ప్రతి ఏడూ అలాగే. గోడ ఆపేసింది కాబోలు అనుకుని మూటలు దింపి మళ్లీ కూర్చున్నారు. మేం వెళ్లేసరికి ఒకావిడ కింద కూర్చుని బియ్యం ఏరుతోంది.

లాకు మాత్రం కూర్చోలేదు. కూత మొదలైన దగ్గరనుంచి దాని గడువు అది లెక్కపెట్టుకుంటూనే ఉంది.

నేను అరిచాను. నా జన్మలో అంత అరవలేదు. వీధి మొదట్లో నిలబడి కూతలా అరిచాను. లేవండి, నీళ్లొస్తున్నాయి, అది మాదిరి కాదు, లేవండి. గాలి మాటని నోట్లోంచే లాక్కుపోతోంది. ఇంటింటికీ వెళ్లి తలుపు తన్ని అరిచాను. బూతులు తిట్టాను. తిడితేనే లేచారు. సత్తిరాజు వాళ్లు దొరికినవాళ్లని దొరికినట్టు వీపున వేసుకుని మేడకి పరిగెత్తారు. వీధంతా ఒక్కసారిగా లేచి వాలు మీద పడింది.

మా అత్త ఇల్లు ఆ వీధిలో చివరిది. నేను మొదటి ఇంటినుంచి వస్తున్నాను.

ఆవిడ కనబడింది. గుమ్మంలోనే ఉంది. దువ్వెన చేతిలో ఉంది, సగం జుట్టు విప్పి ఉంది. కూత ఆగింది కదా అని తల దువ్వుకోవడం పూర్తి చేస్తోంది. నన్ను చూసి ఏదో అంది. వినపడలేదు. మా మధ్య ఐదిళ్లున్నాయి. లాకు తెరుచుకున్న చప్పుడు నాకు తెలియలేదు, నీళ్లే తెలిశాయి. సత్తిరాజు నా మెడ పట్టుకుని మేడ వాలు మీదకి ఈడ్చుకెళ్లాడు. వాడి చెయ్యి కొరికాను. వాడు వదల్లేదు.

పైన వదిన ఉంది. పేట పెద్ద ముందు వెళ్లి తలుపులు తియ్యాలి. వాళ్లమ్మ కడియం తన చేత్తోనే తీసుకెళ్లింది, లెక్క తేల్చి వెనక్కొచ్చి అమ్మని తీసుకెళ్దామని. దిగబోతే, ఎదురుగా ఎక్కుతున్న జనం దిగనివ్వలేదు. ఆ జనాన్ని లేపింది నేనే.

మేడ గోడ మీద ఎర్రటి అక్షరాలు వెలుగుతున్నాయి. దిబ్బలపేట. అందరూ చేరారు.

ఆ బోర్డు మీదకి నా చెప్పు విసిరాను. పక్కవాళ్లు కూడా విసిరారు. అది వెలుగుతూనే ఉంది.


ఆశ్వయుజ బహుళ ఏకాదశి

నీళ్లు తీశాయి. దిబ్బలపేటలో నలుగురు పోయారు. నగరసభ పటంలో ఒక్కరూ పోలేదు. కడియాలన్నీ క్షేమం.

ఇవాళ హైమవతి గారు వచ్చింది. వెంట దండలు లేవు, బల్ల లేదు. బురదలో చెప్పులు చేత పట్టుకుని వచ్చింది. రెండు పేటలవాళ్లమూ అత్త ఇంటి ముందే ఉన్నాం. ఆవిడ అందరికీ దణ్ణం పెట్టి, "పోటీ తీసేశాం. కడియాల లెక్క తీసేశాం. కొత్త వరస ఎలా వెయ్యాలో మీరే చెప్పండి. మీరు చెప్పినట్టే రాసుకుంటాను" అంది.

అందరూ వదిన వైపు చూశారు. వారం రోజులుగా ఆవిడ ఎవరితోనూ మాట్లాడలేదు. అరుగు మీదనుంచి లేచింది. వచ్చి ఆఫీసరు ముంజేయి పట్టుకుంది.

"పుస్తకం లోపల పెట్టు" అంది. "మేడకి నడుద్దాం రా."

"నడుస్తానండీ. పదండి."

ఆవిడ రెండు అడుగులు వేసింది. వదిన చెయ్యి లాగి ఆపింది.

"అంత జోరు కాదమ్మా. మా అమ్మ ఇలా నడిచేది."

వదిన ఒక అడుగు వేసింది. ఆగింది. ఇంకో అడుగు వేసింది. ఆఫీసరు ముంజేయి వదల్లేదు. మంగతాయారు నా భుజం పట్టుకుని వెనక నడిచింది. ఆవిడకి మొదటిసారి అందరితో సమానంగా నడవడం కుదిరింది. తాతారావు వచ్చాడు. సత్తిరాజు చేతికి కట్టుతో వచ్చాడు. మంచాలు వచ్చాయి. రెండు పేటల జనం ఒకే వీధిలో, ఆ నడకకి తగ్గట్టు.

రెండో ఇంటి దగ్గర వదిన ఆగి గోడకి చేయానించింది. "ఇక్కడ ఆయాసం వచ్చేది అమ్మకి" అంది. అందరం ఆగాం. ఆఫీసరు ఏడుస్తోంది. "పదండమ్మా, నాకు అర్థమైంది" అంది.

"ఏం అర్థమైంది? ఇంకా రెండిళ్లే కదా అయ్యాయి" అంది వదిన.

మళ్లీ అడుగు వేసింది. మూడో ఇంటి గుమ్మం దాటేసరికి, ఆ రోజు దిబ్బలపేట లాకుకి పెట్టిన గడువంత సేపూ అయిపోయింది. మేడ ఇంకా వీధి మొదట, వంతెన అవతల ఉంది. వదిన ఆవిడ చెయ్యి వదలకుండా నాలుగో ఇంటి వైపు నడుస్తోంది.